హాలు తాళం తీయించండి: సిడ్నీ తెలుగు వైద్యులకు, నర్సులకు బహిరంగ లేఖ

డాక్టరు గార్లకు, నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు, ఫార్మసిస్టులకు, ఆరోగ్యశాఖ ఆఫీసుల్లో ఫైళ్లు చూసే తెలుగువారందరికీ నమస్కారం.

అబోరిజినల్, అంటే ఈ దేశపు మూలవాసి, ఆడవాళ్ల వ్యాయామం గ్రూపు ఆపేసి హాలుకి తాళం వేసిన విషయం మీద ఇప్పటికే మూడు ఉత్తరాలు ఇంగ్లీషులో రాశాను. మొదటిది డబ్బు మంజూరు చేసిన ఆఫీసుకి. "మీ అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం" అని రెండు లైన్ల జవాబు వచ్చింది. రెండోది ఆ పై ఆఫీసుకి. కంప్యూటర్ దానంతటదే పంపే రసీదు తప్ప ఏమీ రాలేదు. మూడోది ఒక ప్రజాప్రతినిధికి. ఆ ఆఫీసువాళ్లు మర్యాదగానే ఫోన్ చేశారు. ఇది మా పరిధిలోది కాదు, డబ్బిచ్చిన ఆఫీసుకి రాసుకోండి అన్నారు. తిరిగి తిరిగి మొదటికే వచ్చాను. అందుకే ఈ నాలుగోది తెలుగులో, మీకు రాస్తున్నాను. మీకే ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను.

నాది పల్నాడు. పదమూడేళ్లుగా సిడ్నీకి పడమటి వైపు, బ్లాక్‌టౌన్ చుట్టుపక్కల డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ ఒక కమ్యూనిటీ హాల్లో మంగళవారం, గురువారం పొద్దున అబోరిజినల్ ఆడవాళ్ల కోసం వ్యాయామం గ్రూపు నడిచేది. నడిపింది నేను కాదు, ఈ మాట ముందే చెప్పాలి. నడిపింది ఇద్దరు అబోరిజినల్ హెల్త్ వర్కర్లు, వాళ్ల వెనక ఒక ఆంటీ. నేను నెలకి రెండుసార్లు వెళ్లి షుగర్, బీపీ చూసే మనిషిని మాత్రమే. తర్వాత తర్వాత నా సెలవు రోజుల్లో కూడా వెళ్లేదాన్ని. అక్కడ టీ బాగుండేది.

ఆంటీ అంటే మన ఆంటీ కాదు. మన దగ్గర ముప్పై దాటిన ఆవిణ్ణి అలా పిలిస్తే మొహం మాడ్చుకుంటుంది. వాళ్లలో ఆ పిలుపు సంపాదించుకోవాల్సిన గౌరవం. నలుగురికి పెద్దదిక్కుగా నిలబడ్డ మనిషిని ఊరంతా ఆంటీ అంటుంది, వయసులో పెద్దవాళ్లు కూడా. ఈ ఉత్తరం రాస్తానని అడిగితే ఆవిడ ఒక్కటే అన్నారు: "మా పేర్లు రాయొద్దు. మా తరఫున మాట్లాడొద్దు. నువ్వు చూసింది నువ్వు రాయి." ఆ గీత దాటకుండా రాస్తున్నాను.

మొదటిరోజు నా ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి, కంచంలో కూర ఎంత, అన్నం ఎంత అని స్లైడ్లు వేశాను. అందరూ ఓపిగ్గా విన్నారు. అయిపోయాక ఆంటీ, "నీ షుగర్ ఎంతమ్మా?" అని అడిగారు. నా మూడు నెలల సగటు 6.1. అంటే షుగర్ జబ్బుకి గడప మీద ఉన్నాను. ఆ మాట చెప్పగానే హాలంతా నవ్వులు. "అయితే బూట్లు వేసుకుని లైన్లోకి రా" అన్నారు. ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్ కార్లోనే ఉండిపోయింది.

ఆ హాల్లో ఏం జరిగేదో చెప్తాను, ఎందుకంటే ఫైల్లో అది లేదు. తొమ్మిదింటికి చిన్న బస్సు ఇళ్ల దగ్గరికి వెళ్లేది. కార్లు లేని ఇళ్లు చాలా ఉన్నాయి. పిల్లల్ని, మనవల్ని వెంట తెచ్చుకోవచ్చు, వాళ్లకో మూల బొమ్మలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీల్లో కూర్చుని రబ్బరు బ్యాండులు లాగేవారు. ఓపికున్నవాళ్లు బయట ఓవల్ (ఆటల మైదానం) చుట్టూ నడిచేవారు. ఆఖర్న సూపు, టీ, కబుర్లు. ఆ కబుర్లని వాళ్లు యార్నింగ్ అంటారు. కొడుకు జైల్లో ఉన్న సంగతీ, కొత్తగా వచ్చిన బీపీ మాత్ర పడటం లేదన్న సంగతీ ఆ టీ దగ్గరే బయటికొచ్చేవి. క్లినిక్కులో నా ఎదురుగా కూర్చుంటే "ఫైన్, ఫైన్" అనే మనిషి అక్కడ కప్పు పట్టుకుని అసలు మాట చెప్పేది.

పథకం ఏడాది పైలట్, అంటే ప్రయోగంగా పెట్టింది. పోయిన జూన్ 30న ఆగిపోయింది. ఈ దేశంలో ఆర్థిక సంవత్సరం ఆ రోజుతో ముగుస్తుంది కాబట్టి పేదవాళ్ల పథకాలు ఎక్కువగా పోయేదీ ఆ రోజే. కారణాలు రెండు చెప్పారు: అనుకున్నంత హాజరు లేదు, అనుకున్నన్ని కిలోలు తగ్గలేదు. బదులుగా ఒక ప్రైవేటు జిమ్ముకి మూడు నెలల కూపన్లు ఇచ్చారు. హాలుకి తాళం పడింది.

ఆ రోజు నుంచి నేను చూసిన నష్టం ఇది.

1. కూపన్లు వాడినవాళ్లు లేరు. నేను ఒకావిడతో కలిసి వెళ్లాను. యాభై దాటినావిడ, మనవడి ఫుట్‌బాల్ జెర్సీ వేసుకుని వచ్చింది. జిమ్ ముందు గోడంతా అద్దం. లోపల ట్రెడ్‌మిల్లు మీద పరిగెడుతున్న పిల్లలు రోడ్డు మీదికి కనపడతారు, రోడ్డు వాళ్లకి కనపడుతుంది. ఆవిడ తలుపు పిడి మీద చెయ్యి వేసి, తీసేసింది. "షేమ్" అంది. అంతే, వెనక్కి వచ్చేశాం. అబోరిజినల్ ఇంగ్లీషులో ఈ షేమ్ అన్న మాట చాలా పెద్దది. మన సిగ్గు, బిడియం, పదిమందిలో వేలెత్తి చూపిస్తారన్న భయం, నాది కాని చోట నిలబడ్డానన్న ఇబ్బంది, అన్నీ కలిపితే అది. షాపులో అడుగు పెట్టగానే సెక్యూరిటీ వాడు వెనకాలే రావడం ఏళ్ల తరబడి చూసిన మనిషికి అద్దాల జిమ్ము ఇంకో షాపే. ఆడవాళ్లు మాత్రమే ఉండే హాలు, తెలిసిన మొహాలు, తలుపు దగ్గర తన మనిషి అనేవి అలంకారాలు కావు. మందు పనిచేయాలంటే ముందు అది నోట్లోకి వెళ్లాలి కదా, ఇదీ అంతే.

2. హాజరు తక్కువ అన్నారు. ఏ వారాల్లో తక్కువో ఎవరూ చూడలేదు. ఆ ఏడాది ఆ కుటుంబాల్లో మూడు చావులు జరిగాయి. చావు జరిగితే వాళ్లకి సారీ బిజినెస్: దగ్గరా దూరం చుట్టాలంతా కదలాలి, కొన్నిసార్లు వందల కిలోమీటర్లు, కొన్నిసార్లు వారం పైనే. మన ఇంట్లో కర్మ పూర్తయ్యేదాకా ఎవరన్నా జుంబా క్లాసుకి వెళ్తారా? ఆ వారాలన్నీ రిజిస్టర్లో గైర్హాజరు కింద పడ్డాయి. తొందరగా చనిపోతున్నారని పెట్టిన పథకం, చావులకి వెళ్లారని ఆగిపోయింది.

3. రిపోర్టులో బరువుకి ఒక గడి ఉంది. ఇంకేదానికీ లేదు. మేం వాడిన కొలత ఒకటి మీకు తెలిసిందే: చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరు. ఆంటీ మొదటి నెలలో 6 సార్లు లేచారు, అదీ చివరిది సగం. పది నెలలకి 11. బరువు మాత్రం కిలోన్నరే తగ్గింది. ఆఫీసు లెక్కలో ఆవిడ ఫెయిల్. ఆవిడ లెక్కలో, మనవరాలు పడితే వంగి ఎత్తుకోగలుగుతున్నారు, బాత్రూమ్‌లోంచి ఎవర్నీ పిలవకుండా లేస్తున్నారు. కండ పనిచేస్తే రక్తంలో చక్కెరని లాక్కుంటుంది, ఒకసారి చేసిన వ్యాయామం ప్రభావం ఒకటి రెండు రోజులు ఉంటుంది అని మనం రోజూ పేషెంట్లకి చెప్పే మాటే. దానికి తక్కెడ సాక్ష్యం అక్కర్లేదు. ఆ మాట చదువుకున్నవాళ్లకి నేను చెప్పాల్సి రావడమే నాకు నామోషీగా ఉంది.

4. బస్సు పోయింది. బస్సుతో పాటు క్లినిక్కు అపాయింట్‌మెంట్లూ పోయాయి, ఎందుకంటే చాలామంది తిరుగు దారిలో క్లినిక్కు దగ్గర దిగేవారు.

5. అన్నిటికంటే నాకు భయం వేసేది కిడ్నీల సంగతి. కిడ్నీ పనితనం 90 శాతం దాకా పోయినా మనిషికి తెలియకపోవచ్చు. రక్తం, మూత్రం పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పరీక్షకి రావాలంటే మనిషికి ఆ గది మీద నమ్మకం ఉండాలి. ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్లకి ఆస్పత్రి అనగానే గుర్తొచ్చేది మందులు కాదు. ప్రభుత్వం 1910 నుంచి 1970ల దాకా పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయింది, కొందరిని కాన్పు వార్డుల్లోంచే. 1997లో ప్రభుత్వం వేయించిన విచారణ నివేదికలోనే ఇదంతా ఉంది, 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. క్షమాపణ చెప్పినంత మాత్రాన ఒక అమ్మమ్మ యూనిఫామ్ చూసి ఉలిక్కిపడటం ఆగదు. ఆ గ్రూపులో ఏళ్ల తర్వాత మొదటిసారి మూత్రం పరీక్ష చేయించుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లని నేను తీసుకెళ్లలేదు, పక్కన నడిచే స్నేహితురాలు తీసుకెళ్లింది. ఇప్పుడు ఆ నడకే లేదు. డయాలసిస్ అంటే వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగైదు గంటలు, ఇంట్లో మనవల్ని చూసేది ఆ మనిషే అయితే ఆ పిల్లల సంగతేంటి? ఒక హాలు అద్దె ఎంత, ఒక డయాలసిస్ కుర్చీ ఖర్చెంత, డబ్బు భాషలోనే మాట్లాడుకుందాం రమ్మని ఆఫీసుకి రాశాను. నమోదు చేసుకున్నారు.

6. ఇద్దరు హెల్త్ వర్కర్లలో ఒకరు ఇప్పుడు గోడౌన్‌లో పెట్టెలు సర్దుతున్నారు. రేపు ఇంకో కొత్త పైలట్ తెచ్చి, కొత్త టీషర్టులు పంచి, రండి రండి అంటే ఎవరొస్తారు? "మళ్లీ ఎన్నాళ్లు?" అని ఆంటీ నన్నే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇదేదో మా ఒక్క హాలు గొడవ అయితే మీ టైమ్ తినేదాన్ని కాదు. 2020-22 లెక్కల ప్రకారం, అప్పుడు పుట్టిన అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ (ఉత్తరాన దీవుల మూలవాసి) ఆడపిల్ల బతుకుతుందని అంచనా వేసిన వయసు 75.6 ఏళ్లు. మిగతా ఆస్ట్రేలియా ఆడవాళ్లకంటే ఎనిమిదేళ్లు తక్కువ. ఈ తేడా 2031 నాటికి పూడ్చేస్తామని 2020లో అన్ని ప్రభుత్వాలూ సంతకం పెట్టిన 'క్లోజింగ్ ద గ్యాప్' ఒప్పందం ఉంది. ఆ ఒప్పందంలో మొదటి మాటే, నిర్ణయాలు వాళ్లతో కలిసి తీసుకుంటాం అని. రెండో మాట, వాళ్ల చేతుల్లో నడిచే సంస్థల్ని బలపరుస్తాం అని. ప్రభుత్వాలు ఈ మార్పు ఎంత పెద్దదో సరిగ్గా అర్థం చేసుకోలేదని ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ 2024 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. మా హాలు తాళమే దానికి సాక్ష్యం.

పోనీ, ఇలాంటివి పనిచేయవా అంటే, పనిచేస్తున్న చోట్లు కళ్లముందే ఉన్నాయి. సిడ్నీకి దక్షిణంగా నౌరాలో వామిండా అని ఒక సంస్థ ఉంది. 1984లో మొదలైంది, అబోరిజినల్ ఆడవాళ్లే నడుపుకుంటున్నారు. వాళ్ల వ్యాయామం, ఆరోగ్యం ప్రోగ్రాం పేరు 'డెడ్ ఆర్ డెడ్లీ'. డెడ్ అంటే తెలిసిందే. డెడ్లీ అంటే వాళ్ల ఇంగ్లీషులో భేష్, అదిరింది అని. చస్తావా, అదరగొడతావా అని పేరులోనే అడిగేశారు. క్వీన్స్‌లాండ్‌లో 'డెడ్లీ ఛాయిసెస్' వాళ్లు హెల్త్ చెక్ చేయించుకున్నవాళ్లకి ఫుట్‌బాల్ టీమ్ రంగుల షర్టు ఇస్తారు. ఆ షర్టు కోసం కుర్రాళ్లు క్లినిక్కుకి వస్తారు. మనం ఉంటున్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనే అబోరిజినల్ జట్ల రగ్బీ పండగ 'కూరీ నాకౌట్' 1971 నుంచి జరుగుతోంది. 2012లో దానికి ముడిపెట్టి ఆరోగ్యం పోటీ పెట్టారు: ఊరూరా జట్లు కట్టి, కలిసి వ్యాయామం చేసి, గెలిచిన డబ్బుతో తమ ఊరి టీమ్‌ని నాకౌట్‌కి పంపుకోవడం. నా ఒంటికోసం చేయమంటే బద్ధకించే మనిషి ఊరి పేరు కోసం ఆరింటికే లేస్తుంది. ఇది కనిపెట్టడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు, మన ఊళ్లో కబడ్డీ చూసినా తెలుస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1984లో అచ్చయిన కెరిన్ ఓడే అధ్యయనం మీలో కొందరికి చదువులో వచ్చే ఉంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో డెర్బీ ప్రాంతం నుంచి షుగర్ ఉన్న పదిమంది అబోరిజినల్ వాళ్లు ఏడు వారాలు తమ సొంత నేలకి వెళ్లి, పాత పద్ధతిలో వేటాడి, దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికారు. సగటున 8 కిలోలు తగ్గారు, షుగర్ బాగా దిగింది. వాళ్ల ఒంట్లో లోపం లేదు. క్రైస్తవ మిషన్లలో, పశువుల స్టేషన్లలో తరాల పాటు మైదాపిండి, పంచదార, టీపొడి రేషన్‌గా పోసి, వేటాడే నేల లాక్కున్నారు. మా అమ్మమ్మ పొలం పని చేసి జొన్నన్నం తిన్న ఇంట్లో, కూర్చుని మూడుపూటలా తెల్లన్నం తిన్న మా అమ్మకి నలభై ఐదుకే షుగర్ వచ్చింది. ఆంటీకి ఈ మాట చెప్తే చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. రెండు కథలూ ఒకటే అని నేననను. మమ్మల్ని ఎవరూ తరిమేయలేదు.

ఇప్పుడు, మీకే ఎందుకు రాస్తున్నానో చెప్తాను.

2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం దాదాపు 60 వేలమందిమి. మనలో చాలామంది ఇళ్లు కొనుక్కుంటున్నది ఈ బ్లాక్‌టౌన్ కౌన్సిల్ పరిధిలోనే. సిడ్నీలో అబోరిజినల్ జనాభా ఎక్కువగా ఉన్న చోట్లలో ఇదీ ఒకటి. బ్లాక్‌టౌన్ అన్న పేరే, 1823లో పారమట్టా నుంచి ఇక్కడికి మార్చిన 'నేటివ్ ఇన్‌స్టిట్యూషన్' చుట్టూ పుట్టింది. అది అబోరిజినల్ పిల్లల్ని తల్లిదండ్రులకి దూరంగా పెట్టి చదివించిన బడి. ఆ స్థలం ఈ నేల అసలు యజమానులైన ధరుగ్ ప్రజల చేతికి తిరిగి వచ్చింది 2018లో. మేం కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్లే నర్రాజింజీ పార్కు, ఒక ధరుగ్ మనిషి పేరు. ఎన్ని ఏళ్లు పులిహోర తిన్నాక నాకది తెలిసిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఉగాదికి, సంక్రాంతికి స్టేజీ ఎక్కగానే ఈ నేల అసలు యజమానులకి మా గౌరవం అని ఒక కాగితం చూసి చదువుతాం. తర్వాత దీపం వెలిగిస్తాం. ఆ కాగితం చదివిన చోటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో హాలుకి తాళం ఉంది. పార్లమెంటుకి సలహా చెప్పే మూలవాసుల సంఘం ఉండాలా వద్దా అన్న 2023 రెఫరెండంలో మీరు ఏ ఓటు వేశారో నేను అడగను.

పైగా ఆ ఆడవాళ్లు క్లినిక్కులో తలుపు తీయగానే ఎదురుగా కనపడేది చాలాసార్లు మన మొహమే. ఇండియాలో చదివి వచ్చిన డాక్టర్లని ఈ దేశం ముందు డాక్టర్లు తక్కువగా ఉన్న ఊళ్లకి, శివార్లకి పంపుతుంది. అక్కడే మీరు అయిదేళ్లు, పదేళ్లు పనిచేశారు, చేస్తున్నారు. మీ కష్టం నాకు తెలుసు. ఒక విందులో మనవాళ్లే ఒకరు, "వాళ్లకి ఎంత చెప్పినా వినరండీ, మారరు" అనడం కూడా నా చెవులతో విన్నాను. ఆయన మీద కోపం లేదు, పన్నెండు నిమిషాల్లో పేషెంటుని పంపేయాల్సిన టెన్షన్ ఆయనది. కానీ ఆ మాట ఫైల్లోకి కూడా ఎక్కుతోంది.

అధికారులని నేను అడిగినవి, మళ్లీ అడుగుతున్నవి:

1. హాలు తాళం ఈ నెలలోనే తీయండి. పెద్ద నిర్ణయాలు తర్వాత. మా ఉత్తరానికి కారణాలతో సహా రాతపూర్వకంగా జవాబివ్వండి.

2. పైలట్లు చాలు. కనీసం అయిదేళ్ల డబ్బు, అదీ అబోరిజినల్ వాళ్ల చేతుల్లో నడిచే ఆరోగ్య సంస్థకి నేరుగా. రెడ్‌ఫర్న్‌లో అలాంటి మొదటి సంస్థ 1971లోనే మొదలైంది. వాళ్లకి చేతకాదన్న మాటకి యాభై ఏళ్ల కిందటే కాలం చెల్లింది.

3. కొలతలు ఆ ఆడవాళ్లతో కూర్చుని రాయండి. కుర్చీలోంచి లేవడం, నడిచిన దూరం, మూడు నెలల షుగర్, చేయించుకున్న హెల్త్ చెక్కులు. బరువు కూడా పెట్టుకోండి, వద్దనను, అదొక్కటే వద్దు. సారీ బిజినెస్ వారాలు లెక్కలోంచి తీసేయండి.

4. బస్సు, పిల్లల్ని చూసే మనిషి ఖర్చు వైద్యం ఖర్చులోనే రాయండి.

మీ నుంచి కోరేవి:

1. ప్రతి పేషెంటునీ అడగండి, మీరు అబోరిజినలా, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండరా అని. రంగు చూసి మీకు మీరే తేల్చుకోకండి. మా గ్రూపులో ఇద్దరిని రిసెప్షన్‌లో తెల్లవాళ్లనుకుని ఆ ప్రశ్నే అడగలేదట.

2. ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కింద వాళ్లకి ఏడాదికోసారి దొరికే 715 హెల్త్ చెక్‌ని గడులు టిక్కు పెట్టి ముగించకండి. ఆ చెక్ తర్వాత నర్సు, డైటీషియన్, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ దగ్గరికి వెళ్లే హక్కు పేషెంటుకి ఉంది. చెక్ అయింది, పంపింది లేదు అన్న ఫైళ్లు నేను చాలా చూస్తున్నాను. టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్లకి ఏడాదికి 8 దాకా గ్రూపు సెషన్లు కూడా మెడికేర్ కింద ఉన్నాయి. గ్రూపు అనగానే అవి గుర్తు రావాలి. అవి హాలుకి బదులు కావు, హాలు తెరిచేదాకా ఊతం.

3. 'నాన్ కంప్లయంట్' (చెప్పిన మాట వినని పేషెంటు) అని రాయడం మానండి. ఎందుకు రాలేదో రాయండి. బస్సు లేదు అని రాయండి. చావుకి వెళ్లింది అని రాయండి. ఆ మాటలు పదిమంది డాక్టర్ల ఫైళ్లలో ఉంటే రేపు ఏ ఆఫీసూ హాజరు తక్కువ అని తేలిగ్గా అనలేదు.

4. ఆఫీసుల్లో ప్రోగ్రాం డెస్కుల మీద ఉన్నవాళ్లకి: ఆ రిపోర్టు ఫారమ్ తయారుచేసేది మీలాంటివాళ్లే. గడులు మార్చే చెయ్యి మీదే కావచ్చు.

5. తెలుగు సంఘాల పెద్దలకి ఒక మనవి. దయచేసి దుప్పట్లు, ఫోటోలు, బ్యానర్లతో వెళ్లకండి. మేమే ఒక ఫిట్‌నెస్ క్యాంపు పెట్టేస్తామని కూడా అనకండి. ముందు అడగండి. అడిగితే ఏం చెప్తారో నాకు కొంత తెలుసు: వారానికి రెండు పొద్దుటిపూటలు హాలు అద్దె, బస్సుకి డ్రైవరు, టీ సామాను. మన దీపావళి బడ్జెట్‌లో అది కనపడని మొత్తం. ఇచ్చాక నడపడం వాళ్లకే వదిలేయాలి, స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పాలన్న సరదా కూడా మానుకోవాలి.

6. అయిదో ఉత్తరం మళ్లీ ఇంగ్లీషులో వెళ్తుంది. ఆంటీ, ఆ గ్రూపు ఆడవాళ్లు తమ మాటల్లో రాస్తున్నారు. దాని కింద వైద్యవృత్తిలో ఉన్నవాళ్ల సంతకాలకి వేరే పేజీ ఉంటుంది. మీ పేరు, మీ డిగ్రీ, మీరు పనిచేసే ఊరు చాలు. నర్సు ఒక్కత్తె రాస్తే నమోదు చేసుకుంటారు. నలభైమంది డాక్టర్లు రాస్తే ఫోన్ చేస్తారు. ఇది న్యాయం కాదని తెలుసు, కానీ ఇలాగే ఉంది కాబట్టి వాడుకుందాం.

ఈ ఉత్తరం చదివి, మన తెలుగువాళ్ల పరువు నలుగురిలో తీసిందని కొందరు అనుకోవచ్చు. అనుకోండి. నేను ఇవాళ్టికీ గడప మీదే ఉన్నాను, మూడు నెలల సగటు 5.9కి దిగింది, అది దించింది నా చదువు కాదు, ఆ ఓవల్.

ఇప్పుడు మంగళవారం పది గంటలకి ఆరేడుగురం అక్కడే కలుస్తున్నాం. ఎవరి కారులో ఇద్దరు పడితే ఇద్దరు. కుర్చీలు హాల్లో ఉండిపోయాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రావడం లేదు. ఆంటీ కర్ర పట్టుకుని ఒక చుట్టు తిరిగి, బెంచీ మీద కూర్చుని మిగతావాళ్ల చుట్లు లెక్కపెడతారు. పోయిన వారం వాన పడింది, నడక లేదు.

ఇట్లు,
బ్లాక్‌టౌన్ నుంచి ఒక డయాబెటిస్ ఎడ్యుకేటర్